వత్తుకు జాగ

నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల ఫ్లెక్సీలు రాకముందు దుకాణాల బోర్డులన్నీ చేత్తో రాసినవే. బడి విడిచాక నేను ఒక పెయింటర్ దగ్గర నిలబడి చూసేవాణ్ణి. ఆయన ముందుగా అక్షరం రాసేవాడు కాదు. దారానికి సుద్ద పూసి, రేకు మీద రెండు కొసలా బిగబట్టి, నడుమ లాగి వదిలేవాడు. టప్పున తెల్లటి గీత పడేది. అట్లా నాలుగు గీతలు. నడిమి రెండు గీతల మధ్య అక్షరం ఒళ్లు. పైన గుడికీ ఏత్వానికీ చోటు. కింద వత్తుకు. ఒకనాడు దుకాణం యజమాని వచ్చి, కింద అంత ఖాళీ ఎందుకు, ఫోన్ నంబరు పెద్దగా రాయొచ్చు గదా అన్నాడు.

"వత్తుకు జాగ ఇడువకపోతె అది యాడ గూసుంటది సారు?" అన్నాడు పెయింటర్, కుంచె ఆపకుండానే.

నేను వెబ్‌సైట్ల పని నేర్చుకున్నది ఆ తర్వాత చాలా ఏళ్లకు. కానీ తెలుగు శీర్షికల గురించి నాకు తెలిసిన మొదటి పాఠం ఆ మాటే.

మీకు ఒక వెబ్‌సైటు ఉందనుకుందాం. చేనేత సొసైటీది కావచ్చు, విత్తనాల దుకాణానిది కావచ్చు, ఊరి గ్రంథాలయానిదో పూర్వ విద్యార్థుల సంఘానిదో కావచ్చు. పేజీ పైన పెద్దక్షరాల్లో ఉన్న పేరే మీ బోర్డు. ఆ బోర్డు మీది అక్షరం మీరు ఎంచుకున్నది కాకపోతే, ఫోను కంపెనీ ఎంచుకున్నదే కనబడుతుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో సాన్స్ తెలుగు, విండోస్ కంప్యూటర్లో నిర్మలా యూఐ, ఐఫోన్లో కోహినూర్ తెలుగు. ఇవన్నీ మంచి ఫాంట్లే, వ్యాసం చదువుకోవడానికి హాయిగా ఉంటాయి. అయితే మీ బోర్డూ, పక్క దుకాణం బోర్డూ, బ్యాంకు నోటీసూ అన్నీ ఒకే చేతిరాతలో ఉన్నట్టు అనిపిస్తాయి. ఒకే పేజీలో శీర్షిక, దాని కింది వ్యాసం కూడా ఒకే ముఖంతో ఉండిపోతాయి.

దీన్ని మార్చడం డెవలపర్ల పని అనీ, హైదరాబాద్‌లో ఎవరికో డబ్బులిచ్చి చేయించుకోవాలనీ చాలామంది వదిలేస్తారు. నేను చూసినంతలో ఇది ఒక ఆదివారం పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి లేచేలోపు అయిపోయే పని. మీ పేరును మీరే, మీకు నచ్చిన అక్షరంలో నిలబెట్టుకోవడం చిన్న విషయం కాదు, అందుకే ఈ పుస్తకంలో దానికొక అధ్యాయం ఇచ్చాను. దారిలో తెలుగుకు మాత్రమే ఎదురయ్యే గుంటలు కొన్ని ఉన్నాయి. ఇంగ్లీషులో ఉన్న పాఠాల్లో వాటి ఊసు ఉండదు, ఎందుకంటే ఇంగ్లీషు అక్షరానికి వత్తు లేదు.

ముందు ఒక పరీక్ష చేయండి. మీ సైటు ఫోనులో తెరిచి, శీర్షిక మీద వేలు నొక్కిపట్టి, కాపీ చేసి, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగు తెలుగుగా వస్తే మీరు సగం గెలిచినట్టే. అసలు కాపీయే కాకపోతే అది అక్షరం కాదు, బొమ్మ. అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల కుప్ప వస్తే అది యూనికోడ్‌కు ముందటి డీటీపీ ఫాంటు.

బొమ్మ శీర్షికల సంగతి మన దగ్గర ఎందుకు ఇంత పాతుకుపోయిందో నాకు తెలుసు. పెళ్లికార్డుకు, కరపత్రానికి వెళ్లిన డీటీపీ సెంటరుకే సైటు పేరు కోసమూ వెళ్తాం. వాళ్లు అను అనే డీటీపీ ఫాంట్లలో అందంగా రాసి, బొమ్మగా మార్చి ఇస్తారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ గూగుల్ వెతుకులాటకు ఆ బొమ్మలో అక్షరాలు ఉన్నాయని తెలియదు. చూపు లేనివారి ఫోను దాన్ని చదివి వినిపించలేదు. పెద్దది చేస్తే అంచులు పలచబడి మసకేస్తుంది. పేరులో ఒక్క మాట మారినా మళ్లీ డీటీపీ సెంటరు మెట్లెక్కాలి. 2016 అక్టోబరు 11న ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలయింది: నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి, 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట కూడా వేరైంది. శీర్షిక అక్షరంగా ఉన్నవాళ్లు ఆ రోజే జిల్లా పేరు దిద్దుకోగలిగారు. బొమ్మగా ఉంటే అది పాత జిల్లా పేరుతోనే నిలబడిపోతుంది.

ఇక అర్థంలేని గుర్తుల కుప్ప. యూనికోడ్ వాడుక రాకముందు తెలుగు పత్రికల సైట్లు ఒక్కొక్కటీ తన సొంత ఫాంటు పెట్టుకునేది. ఇంగ్లీషు అక్షరాలు ఉండాల్సిన గదుల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టేవారు. ఆ ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు, లేకపోతే చెత్త. ఒక పత్రిక ఫాంటు ఇంకో పత్రికకు పనికొచ్చేది కాదు. ఆ పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో పద్మ అనే జోడింపు వాడినవాళ్లు మీలో కొందరైనా ఉంటారు. యూనికోడ్ పట్టికలో తెలుగుకు 1991లోనే 128 గదులు కేటాయించారు, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు ఇంటింటికీ వచ్చింది, అయినా డీటీపీ అలవాటు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మీ శీర్షిక ఈ బాపతుదైతే మిగతా పనులకు ముందు దాన్ని యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయండి. ఆ మాటలు ఎన్నో ఉండవు గనుక మార్పిడి పరికరాల కోసం వెతక్కండి, చేత్తోనే కొట్టుకోండి.

శీర్షికకు వేరే అక్షరం తొడగాలన్న కోరిక ప్రపంచమంతటా ఉన్నదే. 2005 ప్రాంతంలో సిఫర్ అనే పద్ధతి వచ్చింది: పేజీలోని శీర్షికను తీసి, అదే మాటను ఫ్లాష్‌లో కోరిన ఫాంటుతో గీసి ఆ చోట పెట్టేది. ఆ తర్వాత కూఫాన్ వచ్చింది, అది జావాస్క్రిప్టుతో అక్షరాలను గీసేది. ఇంగ్లీషుకు రెండూ బాగా పనిచేశాయి. తెలుగుకు కూఫాన్ ఎందుకు పనికిరాలేదో అర్థం చేసుకుంటే మిగతా అధ్యాయం మీకు తేలిక అవుతుంది. "స్త్రీ" అన్నది మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటరు లోపల అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. ఆరింటినీ కలిపి, త వత్తును కిందా, ర వత్తును పక్కగా, గుడిని పైనా పెట్టే నియమాలు ఫాంటులోనే ఉంటాయి, వాటిని చదివి అమలుచేసే యంత్రం బ్రౌజరులో ఉంటుంది. కూఫాన్ ఆ యంత్రాన్ని పక్కనపెట్టి సంకేతానికొక బొమ్మ చొప్పున వరసగా గీసుకుంటూ పోయేది. స్త్రీ కాస్తా విడివిడి ముక్కలయ్యేది. ఫ్లాష్ 2020 డిసెంబరు 31తో ఆగిపోయింది. పాత పాఠం ఏదైనా చూపించి ఈ రెండింటిలో ఒకటి పెట్టుకొమ్మని ఎవరైనా చెబితే వినకండి.

ఇవాళ్టి సరైన దారి ఫాంట్-ఫేస్. సీఎస్ఎస్‌లో రాసే నాలుగైదు వరసల నియమం అది. 1998 నాటి సీఎస్ఎస్ రెండో సంచికలోనే దాని ప్రస్తావన ఉంది, 2008లో సఫారీ, 2009లో ఫైర్‌ఫాక్స్ దాన్ని అందుకున్నాక అందరికీ అందింది. అక్షరం అక్షరంగానే ఉంటుంది, కాపీ అవుతుంది, గూగుల్‌కు దొరుకుతుంది, పైన ముఖం మాత్రం మీరు కోరినది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మా బావ మహబూబ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టినప్పుడు సైటు నేనే చేశాను. గద్వాల, నారాయణపేట చీరలు. కొత్త ఫాంటు పెట్టి, పెద్ద సైజులో ఊరి పేరు రాసి, అర్ధరాత్రి దాకా కూర్చుని ముగించాను. తెల్లారి ఫోను.

"బామ్మర్దీ, మన ఊరి పేరుకు ఈ తోక యాడికెల్లి వచ్చిందిరా?"

తెరిచి చూస్తే మహబూబ్నగర్ అని ఉంది. బ కింద న వత్తు వేలాడుతోంది. చిన్న సైజులో ఎవరూ పట్టించుకోనిది, బోర్డు సైజులో ఎదురుగా కొట్టొచ్చినట్టు కనబడుతోంది. ఊరివాళ్లెవరూ ఆ పేరును అట్లా పలకరు. బ దగ్గర ఆగి, నగర్ అని వేరుగా అంటారు. పాలమూరుకు 1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు పెట్టారు. మహబూబ్ ఒక మాట, నగర్ ఒక మాట. రెంటినీ వత్తుతో కుట్టేసింది నేనే.

జరిగింది ఇది. తెలుగులో పొల్లు తర్వాత హల్లు వస్తే బ్రౌజరు దాన్ని వత్తుగా మార్చేస్తుంది. అదే దాని ధర్మం. మార్చవద్దు, పొల్లును పొల్లుగానే ఉంచు అని చెప్పడానికి మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం పెట్టాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్ పట్టికలో దాని నంబరు 200సి. వెడల్పు సున్నా, పని మాత్రం కొండంత. నేను టైపు చేసినప్పుడు అది ఉంది. ఆ తర్వాత రాతను శుభ్రం చేద్దామని ఒక చిన్న పరికరంలో వేశాను, కనబడని అక్షరాలన్నిటినీ అది ఏరి పారేసింది. ఇంగ్లీషు రాతకు అది మేలు చేస్తుంది, మన రాతకు ఊరి పేరు చెడగొడుతుంది.

మన రెండు ఉమ్మడి జిల్లాల్లో ఈ పరీక్షకు నిలవాల్సిన ఊళ్లు ఎన్ని ఉన్నాయో చూడండి. నాగర్‌కర్నూల్, షాద్‌నగర్, హుజూర్‌నగర్: వీటికి 200సి కావాలి. లేకపోతే నాగర్కర్నూల్, షాద్నగర్, హుజూర్నగర్ అవుతాయి. జడ్చర్లకు మాత్రం వద్దు, అక్కడ డ కింద చ వత్తు ఉండాల్సిందే. నల్గొండ అని రాస్తే ల కింద గ వత్తు సహజం, నల్లగొండ అంటే ల కింద ల. ఏది ఎక్కడ కావాలో యంత్రానికి తెలియదు, ఊరివాడికి తెలుసు. ఇంగ్లీషు పాఠాలు చదివి పనిచేసే మనిషి కంటే ఈ పని మీరే బాగా చేయగలరని నేను అనేది అందుకే.

టైపు చేసే పద్ధతిలో 200సి ఎక్కడుందో దొరక్కపోతే హెచ్‌టీఎంఎల్‌లో నేరుగా రాయొచ్చు: అండ్ గుర్తు, జెడ్ డబ్ల్యూ ఎన్ జే అనే నాలుగు చిన్నక్షరాలు, సెమీకోలన్. పొల్లు తర్వాత, వచ్చే హల్లుకు ముందు, ఖాళీ లేకుండా.

ఈ కనబడని అక్షరాన్ని పెద్ద కంపెనీలు కూడా తేలిగ్గా తీసుకోలేవు. 2018 ఫిబ్రవరిలో జ్ఞ తర్వాత 200సి, ఆపైన దీర్ఘం వచ్చిన ఒక తెలుగు కూర్పు తెర మీదికి వస్తే ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలాయి. అదే నెల 19న ఆపిల్ కొత్త సంచిక విడుదల చేసి సరిచేసింది. అంత పెద్ద యంత్రమే తెలుగు కూర్పు దగ్గర తడబడింది గనుక మీ శీర్షికను రెండుసార్లు చూసుకోవడానికి మొహమాటపడకండి.

ఇక ఏ అక్షరం ఎంచుకోవాలి?

మన ప్రాంతంవాళ్లకు ఇందులో ఒక దగ్గరి చుట్టం ఉంది. ఆ ఫాంటు పేరే సురవరం. పురుషోత్ కుమార్ గుట్టుల రూపొందించగా సిలికానాంధ్ర సంస్థ అందరికీ ఉచితంగా ఇచ్చింది, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది. పత్రికల కోసం, శీర్షికల కోసం, పెద్ద సైజుల కోసం చేసిన అక్షరం. పేరు సురవరం ప్రతాపరెడ్డిది. ఇటిక్యాలపాడు ఆయన స్వగ్రామం, అలంపురం దగ్గర, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా. 1926లో మొదలైన గోలకొండ పత్రికకు సంపాదకుడు. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాట విని, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి చేతికందించాడు. 1952లో వనపర్తి నుంచి హైదరాబాద్ శాసనసభకు ఎన్నికయ్యాడు, మరుసటి ఏడాదే కన్నుమూశాడు. 1955లో సాహిత్య అకాడెమీ తెలుగుకు తొలిసారి అవార్డు ఇచ్చినప్పుడు అది ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్రకే దక్కింది. ఆయన కంటే ముందే ఈ నేల మీద తెలుగు అచ్చు మొదలైంది. 1913లో మహబూబ్‌నగర్ నుంచి హితబోధిని, 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వెలువడ్డాయి. చదువూ కచేరీ ఉర్దూలో నడిచే రోజుల్లో సీసపు అచ్చులు చేత్తో పేర్చి తెలుగు శీర్షిక నిలబెట్టినవాళ్లు వాళ్లు. ఇవాళ సురవరం పేరున్న అక్షరం మన వేలికొసన ఉంది, పైసా ఖర్చు లేదు.

అయినా పేరు చూసి మాత్రమే ఎంచుకోకండి. గ్రంథాలయానికి, పత్రికకు, చరిత్ర రాసే సైటుకు సురవరం కుదురుతుంది. దుకాణానికి, సభ ప్రకటనకు రామభద్ర ఇంకా బరువుగా నిలబడుతుంది. పిల్లల బడికి బాలూ తమ్ముడు గుండ్రంగా, ఆప్యాయంగా ఉంటుంది. ఒకే ఫాంటులో సన్నం నుంచి లావు దాకా అన్నీ కావాలంటే అనేక్ తెలుగు ఉంది. శీర్షికకు ఒకటి చాలు. రెండోది పెట్టాలనిపిస్తే ఆగండి, వ్యాసానికి ఫోను ఇచ్చిన అక్షరాన్నే ఉండనివ్వండి. పేజీ తేలిగ్గా ఉంటుంది, శీర్షికకు తేడా కూడా కనబడుతుంది.

ఎంచుకునే ముందు ఫాంటుతో మీ మాటలే రాసి చూడండి, వాళ్లు చూపే నమూనా వాక్యం కాదు. నేను వాడే వరస ఇది: మహబూబ్‌నగర్, జడ్చర్ల, శ్రీ లక్ష్మీ చేనేత వస్త్రాలయం, రాష్ట్రం, కృష్ణా, జ్యోత్స్న. లక్ష్మీలో మ వత్తు సరిగ్గా కూర్చుందా? రాష్ట్రంలో రెండు వత్తులు ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయా? ధరలు రాసేవాళ్లయితే రూపాయి గుర్తు, అంకెలు కూడా చూడండి. రూపాయి గుర్తు 2010లో వచ్చింది, అది లేని ఫాంటులో ఆ ఒక్క గుర్తూ వేరే అక్షరం నుంచి అరువు తెచ్చుకుని అతుకేసినట్టు కనబడుతుంది.

హక్కుల మాట కూడా చెప్పాలి. డీటీపీ సెంటరు వాడే ఫాంటు బాగుందని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి సైటులో పెట్టకండి. వాటిలో చాలావరకు కొనుక్కున్నవారు అచ్చుపనికి వాడుకునేందుకు ఇచ్చినవి. ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఇచ్చినవి వెతకండి. సురవరం, రామభద్ర అట్లాంటివే. సైటులో పెట్టుకోవచ్చు, వ్యాపారానికి వాడుకోవచ్చు, ఫాంటును మాత్రం విడిగా అమ్మకూడదు, లైసెన్సు కాగితం దాని వెంటే ఉండాలి.

పెట్టే పద్ధతి. మీ సైటు వర్డ్‌ప్రెస్‌లో, బ్లాక్ థీముతో ఉంటే పని ఇంకా సులువు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 6.5 సంచిక నుంచి ఎడిటరులోనే ఫాంట్ లైబ్రరీ ఉంది. స్టైల్స్‌లోకి వెళ్లి, టైపోగ్రఫీ తెరిచి, ఫాంటు ఎక్కించి, హెడింగ్స్‌కు దాన్ని అంటగట్టడమే. సొంతంగా కోడ్ రాసుకున్న సైటయితే ఫాంటును వాఫ్-2 రూపంలోకి మార్చండి. వెబ్ కోసమే గట్టిగా కుదించిన రూపం అది, 2018 నుంచి అధికారిక ప్రమాణం. తెలుగు ఫాంటులో ప్రతి హల్లుకూ వత్తు రూపం, గుణింతాల కూర్పులు ఉండాలి గనుక ఇంగ్లీషు ఫాంటు కంటే బరువు ఎక్కువ, కుదింపు మనకే ఎక్కువ అవసరం. సైటులో ఫాంట్స్ అని ఒక ఫోల్డరు పెట్టి అందులో ఉంచండి. సీఎస్ఎస్‌లో ఫాంట్-ఫేస్ నియమం రాసి, అందులో ఫాంట్-ఫ్యామిలీ అని పేరు, ఎస్ ఆర్ సీ అని ఫైలు దారి, ఫాంట్-డిస్‌ప్లే దగ్గర స్వాప్ అని రాయండి. తర్వాత హెచ్1, హెచ్2 శీర్షికలకు ఆ పేరు ఇచ్చి, దాని వెనకే కామా పెట్టి నోటో సాన్స్ తెలుగు, నిర్మలా యూఐ, చివర సాన్స్-సెరిఫ్ అని రాయండి. మొదటిది అందకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది.

స్వాప్ అన్న మాట ఎందుకంటే, అది రాయకపోతే చాలా బ్రౌజర్లు ఫాంటు వచ్చేదాకా దాదాపు మూడు సెకన్లు శీర్షికను కనబడనివ్వవు. అమ్రాబాద్ వైపు నల్లమల అంచున సిగ్నల్ అందీ అందని చోట మీ పేజీ తెరిచిన మనిషికి పేరు లేని బోర్డు కనబడుతుంది. స్వాప్ రాస్తే ముందు ఫోను అక్షరంలో పేరు వచ్చేస్తుంది, ఫాంటు అందాక ముఖం మారుతుంది. శీర్షిక ఫాంటును ముందుగానే తెప్పించే ప్రీలోడ్ వరస కూడా పేజీ తలభాగంలో రాయొచ్చు. దానికి క్రాస్ఆరిజిన్ అన్న మాట తప్పక జతచేయండి, ఫాంటు మీ సొంత సైటులోనే ఉన్నా సరే. లేకపోతే బ్రౌజరు అదే ఫైలును రెండుసార్లు దించుకుంటుంది, చదివేవాడి డేటా వృథా.

యూనికోడ్-రేంజ్ అని ఇంకో వరస ఉంటుంది, ఈ ఫాంటు ఏ అక్షరాలకు మాత్రమే వాడాలో చెప్పేది. తెలుగు గదులు మాత్రమే రాసి వదిలేయకండి, 200సి వాటి బయట ఉంటుంది. గూగుల్ ఫాంట్స్ తన తెలుగు భాగంలో దాన్ని కూడా చేర్చింది. మీరూ చేర్చండి. బరువు తగ్గించాలని ఫాంటులో అక్కరలేని అక్షరాలు కోసేవాళ్లు కూడా జాగ్రత్త. వత్తులు కలిపే నియమాలను వదిలేసి అక్షరాల బొమ్మలు మాత్రమే ఉంచే పరికరంతో కోస్తే శీర్షికంతా పొల్లులతో నిండిపోతుంది. పేరు ఎప్పుడూ మారని సైటుకైతే కోయడం లాభమే. రోజుకో వార్త శీర్షిక పెట్టే సైటుకు వద్దు, రేపటి శీర్షికలో ఏ వత్తు వస్తుందో ఇవాళ తెలియదు.

నేను ఎక్కువ సైట్లలో చూసిన తప్పు ఇది కాదు. అది లావు. బ్రౌజర్లు శీర్షికలన్నిటినీ అలవాటుగా లావు చేసి చూపిస్తాయి. సురవరం, రామభద్ర వంటి ఫాంట్లలో ఒకే బరువు ఉంది, లావు రూపం వేరుగా లేదు. అప్పుడు బ్రౌజరు తనే అక్షరం అంచులు ఉబ్బించి దొంగ లావు తయారుచేస్తుంది. ఇంగ్లీషుకు అది ఏదోలా చెల్లుతుంది. తెలుగులో లోపలి సున్నాలు, కొక్కేలు పూడుకుపోతాయి. ష, ఘ, ఝ లాంటివి సిరా ఒలికినట్టు అవుతాయి. ఫాంటు బాగాలేదని జనం దాన్ని తీసేస్తారు, తప్పు ఫాంటుది కాదు. శీర్షిక నియమంలో ఫాంట్-వెయిట్ దగ్గర 400 అని రాయండి. అంతే, అక్షరం ఊపిరి పీల్చుకుంటుంది. అట్లాగే ఇటాలిక్ వద్దు. ఈ ఫాంట్లలో పక్కకు వాలిన రూపం లేదు, బ్రౌజరే అక్షరాన్ని వంచి చూపిస్తుంది.

ఇప్పుడు పెయింటర్ గీతల దగ్గరికి వద్దాం. కొన్న థీములన్నీ ఇంగ్లీషు కొలతలతో వస్తాయి. శీర్షికకు లైన్-హైట్ 1.1 అనో 1.2 అనో ఉంటుంది. ఇంగ్లీషుకు అది సరిపోతుంది. మనకు "రాష్ట్ర వస్త్ర" అన్న రెండు మాటలు ఒకదాని కింద ఒకటి వస్తే పై వరస వత్తులు కింది వరస గుడుల్లో గుచ్చుకుంటాయి. శీర్షిక ఉన్న డబ్బాకు అంచు దాటినది దాచేయమనే నియమం ఉంటే వత్తు సగానికి తెగిపోతుంది. 1.5తో మొదలుపెట్టండి, ఫాంటును బట్టి 1.7 దాకా వెళ్లండి. శీర్షిక కింద అంచులో కూడా కొంచెం చోటు వదలండి. డిజైనరు ఎవరైనా ఖాళీ ఎక్కువైందంటే, నల్లగొండ పెయింటర్ మాట వాళ్లకూ చెప్పండి.

లెటర్-స్పేసింగ్ ముట్టుకోకండి. ఇంగ్లీషు శీర్షికల్లో అక్షరాలను ఎడంగా పరచడం ఒక సింగారం, తెలుగులో అది కూర్పులను చెడగొట్టొచ్చు. శీర్షికను అక్షరం తర్వాత అక్షరం ఎగురుతూ వచ్చేట్టు చేసే యానిమేషన్లు ఇంకా ప్రమాదం. అవి మాటను సంకేతాలుగా విడగొడతాయి, కూఫాన్ చేసిన పనే మళ్లీ చేస్తాయి. ఎగరాల్సిందే అనుకుంటే మాటమాటగా ఎగరనివ్వండి.

ఒక మాట వెతుకులాట గురించి. మనవాళ్లు నల్లగొండ అనీ వెతుకుతారు, నల్గొండ అనీ వెతుకుతారు. పాలమూరు అంటారు, మహబూబ్‌నగర్ అంటారు. శీర్షికలో మీకు నచ్చిన రూపం ఒకటే ఉంచి, కింద మొదటి పేరాలో రెండోదాన్ని సహజంగా వచ్చేట్టు రాయండి. శీర్షిక అక్షరంగా ఉంటేనే ఈ లాభం.

అన్నీ అయ్యాక మీ కంప్యూటరు మీద చూసి తృప్తిపడకండి. మీ కంప్యూటర్లో ఆ ఫాంటు ముందే ఎక్కించుకుని ఉంటారు గనుక సైటులో దారి తప్పు రాసినా బాగానే కనబడుతుంది, నాకే రెండుసార్లు అట్లా అయింది. ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే పాత ఫోను తీసుకోండి. వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో తెరవండి. ఆ తర్వాత ఇంటి పెద్దవాళ్లకు ఇచ్చి, పేరు పైకి చదవమనండి. వాళ్లు ఎక్కడ తడుముకుంటే అక్కడ పని మిగిలి ఉన్నట్టు.

మా బావ సైటులో ఆ పొద్దున నేను చేసిన మరమ్మతు ఒక్క అక్షరం, అదీ కంటికి కనబడనిది. ఐదు నిమిషాలు పట్టింది. ఈ రాత్రి మీ సైటు తెరిచి మీ ఊరి పేరు చూడండి. బ కింద న వేలాడుతుంటే, పడుకునే ముందే 200సి పెట్టేయండి.